వేసుకోని చుక్కల మందు

నస్పూర్ నుంచి మొదటి బస్సుకే బయలుదేరిన అనసూర్య గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌కు చేరేసరికి ఏడున్నర కావస్తోంది. చెల్లెలి కూతురి ఫంక్షన్‌కని వెళ్లి రెండు రాత్రులు అక్కడే ఉండిపోయింది. సంచి గుమ్మం పక్కన పెట్టి, కాళ్లు కడుక్కుని, భర్త కోసం చూసింది. బొగ్గుబాయిలో పంపు నడిపే రాయమల్లుకు ఆ వారం సెకండ్ షిఫ్టు, మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. వాకిట్లో కుర్చీ వేసుకుని తీరుబడిగా చాయ్ తాగుతున్నాడు.

"కదలకు. కండ్లు చూస్త," అంటూ ఆమె మిషన్ పట్టుకొచ్చింది.

"అచ్చుడు అచ్చుడే గదేనా! ముందుగాల నువ్వు చాయ్ తాగరాదు."

"తాగుత గని, ఎదురుంగ చూడు."

ఆ మిషన్ అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. కంటికెదురుగా పట్టుకుని మీట నొక్కితే సన్నటి పుల్ల కొస నల్లగుడ్డును తాకీ తాకనట్టు తాకి వెనక్కి పోతుంది. నొప్పేమీ ఉండదు. కంటి లోపల ఒత్తిడి ఎంతుందో ఫోన్‌లో అంకె పడుతుంది. రాయమల్లుకు నీటికాసులని, దాన్నే గ్లకోమా అంటారని తేలి మూడేళ్లయింది. కరీంనగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఒత్తిడి పదిహేనో పదహారో ఉండేది. అయినా చూపు మాత్రం అంచుల నుంచి తరిగిపోతూనే ఉంది. ఆమెకే అంతుపట్టక, "ఇంట్లో ఎలా ఉంటోందో చూద్దాం, పూటపూటకీ కొలవండి" అని ఆ మిషన్‌ను పదిరోజులకు ఇచ్చి, వాడే పద్ధతి అనసూర్యకు నేర్పి పంపింది.

మొదటి నాలుగు రోజులూ పొద్దునొకటి, సాయంత్రమొకటి, చుక్కలు అనసూర్యే వేసింది. ఒత్తిడి ఒక్కసారి కూడా పదిహేడు దాటలేదు. ఇరవై ఒకటి దాటితే ప్రమాదమని డాక్టరమ్మ చెప్పింది.

ఈ పొద్దు కుడికంట్లో ఇరవై ఎనిమిది. ఎడమకంట్లో ముప్పై ఒకటి.

ఆమె మళ్లీ కొలిచింది. మళ్లీ అంతే.

"నేను లేని రెండు దినాలు చుక్కలు ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

"రెండు పూటలా?"

"ఏసుకున్న అంటున్న గద! నీ మిషనే ఖరాబైనట్టుంది."

పవర్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లడానికి తయారవుతున్న కొడుకు భూపాల్ ఆ మాట విని బయటికొచ్చాడు. అనసూర్య వాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, మిషన్‌కు కొత్త పుల్ల మార్చి, వాడి కళ్లు కొలిచింది. పదమూడు, పద్నాలుగు.

"మిషన్ మంచిగనే ఉంది," అందామె. "అబద్ధమాడేది అది కాదు. నా మొఖం చూసి చెప్పు."

రాయమల్లు గ్లాసు కింద పెట్టాడు.

"ఏసుకోలె."

"రెండు దినాలేనా?"

"ఏడాదిన్నర సంది ఏసుకుంటలేను. కరీంనగర్ పోయే ముందు వారం దినాలు మాత్రం ఏసుకుంట. గంతే."

ఏడాదిన్నర! ప్రతి నెలా మందు తనే తెచ్చింది. 'ఏసుకున్నవా' అని అడిగిన ప్రతిసారీ 'ఆ' అన్నాడు. ఆ సీసాలన్నీ ఏ మోరీలో పోశాడో! ఒళ్లంతా భగ్గుమంది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? బాయిల పంపు కాడ చీకట్ల తిరిగేటోడివి. ఏ గుంతల్నో పడి సస్తే నీ శవాన్ని నేను మోసుకచ్చుకోవాల్నా? ఎందుకు ఏసుకోలె? చెప్పు!"

"అరవకు. చుట్టుపక్కలోళ్లు ఇంటరు."

"ఇననియ్యి! అందరూ ఇననియ్యి!"

రాయమల్లు తల వంచుకుని నెమ్మదిగా అన్నాడు. "సర్వీసు ఉండంగనే కంపెనీ మెడికల్ బోర్డుల అన్‌ఫిట్ చేస్తే నా జాగల పోరనికి నౌకరి వస్తది. కండ్లు మంచిగుంటే నన్నెవలు అన్‌ఫిట్ చేస్తరు? పర్మినెంటు నౌకరి లేదనే గద మొన్న ఆనికి సంబంధం తప్పిపోయింది. నాకిగ యాభై ఏడేండ్లు. చూసింది చాలు."

"చూసింది చాలా?" అనసూర్య కొంగు బిగించింది. "నీ కండ్లు నీ ఒక్కనియే అనుకున్నవా? రేపటి సంది నిన్ను చెయ్యి పట్టుకొని దొడ్డికి తీస్కపోయేది ఎవలు? నేను కాదా? గంత పని చేసేటోడివి, ఒక్క మాట నన్ను అడిగినవా?"

భూపాల్ ముఖం ఎర్రబడింది. "నేనడిగిన్నా బాపు? నీ కండ్లు పొడుసుకొని నాకు నౌకరి ఇప్పియ్యమని నేనడిగిన్నా?"

అనసూర్య కొడుకు వైపు తిరిగింది.

"అడిగినవ్ బిడ్డా. రెండేండ్ల కింద నీ దోస్తుకు నౌకరి ఆర్డరొచ్చిన నాడు అడిగినవ్. 'ఆళ్ల నాయిన కొడుకు కోసం అన్‌ఫిట్ అయిండు. నువ్వు పంపు నడుపుకుంట కూసో' అన్నవ్. అన్నం ముంగట కూసోని అన్నవ్. ఆ దినం ఈయన కంచంల చెయ్యి కడుక్కొని లేసిండు. నేను పొయ్యికాడ ఉండి ఇన్న. నీ చెంప పగులగొట్టాల్సింది. కొట్టలె. కోపంల అన్నవు లే అనుకున్న. నా బుద్ధి గాడిదలు మెయ్య!"

అప్పుడే ఆ మాట భూపాల్‌కూ గుర్తొచ్చినట్టుంది. తండ్రి కుర్చీకి ఎడమ పక్కన గోడకు ఆనుకుని, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు మాత్రం బయటికి రానీయలేదు.

"ఎందుకే పోరన్ని గట్లంటవ్?" అన్నాడు రాయమల్లు చిరాగ్గా. వీధి వైపు చూశాడు. "ఏడి ఆడు? అలిగి బయటికి పోయిండా?"

అనసూర్య చప్పున కొడుకు వైపు చూసింది. భూపాల్ ముఖం మీది నుంచి చేతులు తీశాడు. తండ్రికి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. చెయ్యి చాస్తే తగిలేంత దూరం.

"బాపు," అన్నాడు. "ఈన్నే ఉన్న."

గొంతు వచ్చిన వైపు మెడ మొత్తం తిప్పితే గానీ రాయమల్లుకు కొడుకు కనిపించలేదు. కనిపించాక ఆ ముఖంలో భయం కదిలింది. చూపు ఎంత పోయిందో అతనికీ ఇప్పుడే తెలిసినట్టుంది.

భూపాల్ ముందుకొచ్చి, నేల మీద కూర్చుని, తండ్రి మోకాళ్లు పట్టుకున్నాడు. "నాకా నౌకరి వద్దు బాపు. నోటికొచ్చిందల్లా అన్న. నన్ను కొట్టు, తిట్టు. గిట్ల మాత్రం చెయ్యకు. నా పెండ్లయితే చూడవా? నా పిల్లల మొఖాలు చూడవా?"

రాయమల్లు కొడుకు తల మీద చెయ్యి వేశాడు. "ఏమో బిడ్డా. నా తాన ఇయ్యతందుకు గంతకంటే ఏముందనుకున్న," అని బావురుమన్నాడు.

అనసూర్య వాళ్లను ఓదార్చలేదు. కరీంనగర్‌కు ఫోన్ కలిపి భర్త చేతిలో పెట్టింది. "డాక్టరమ్మకు నువ్వే చెప్పు. నేను చెప్ప."

రాయమల్లు తడబడుతూ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అంతా చెప్పాడు. అవతల డాక్టరమ్మ గట్టిగానే అంది. "పోయిన చూపును నేను తెచ్చివ్వలేను రాయమల్లు గారూ. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, అదీ నేను చెప్పినట్టు మీరు వింటేనే. ఇప్పుడే రెండు కళ్లలో మందు వేసుకుని బయలుదేరండి. ఈ రోజే చూడాలి."

భూపాల్ సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి పనికి రానని చెప్పాడు. మందు తనే తండ్రి కళ్లలో వేసి, కారు మాట్లాడుకొస్తానని రోడ్డు మీదికి పరుగెత్తాడు.

రాయమల్లు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అనసూర్య ఇంట్లోంచి పీట తెచ్చుకుని అతని ఎడమ పక్కన వేసుకుంది. చేతి మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"ఎవలు?"

"నేనే," అందామె. "కోపం పోయిందనుకోకు. చచ్చేదాకా పోదు."

అలా అంటూనే ఆ చేతిని గట్టిగా పట్టుకుంది. కారు వచ్చేదాకా వదల్లేదు.