అడగని ఫైలు

అన్నయ్య పోయాక వదిన నన్ను కోరింది ఒక్కటే. ఆయన గొంతు.

అన్నయ్య చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసేవాడు. ఆ స్టూడియో మూతపడుతోంది, సాయంత్రానికి సర్వర్ ఆపేస్తామని అక్కడి టెక్నీషియన్ కబురు చేశాడు. బయట ముసురు. వదిన వాళ్ళ ముందు గదిలో ల్యాప్‌టాప్ తెరిచి, నల్ల తెర మీద కమాండ్ కొట్టబోతూ ఆగాను.

"ఏంటి ఆలోచిస్తున్నావ్?" అంది వదిన.

"డౌన్‌లోడ్‌కి రెండు దారులున్నాయి వదినా. కర్ల్ అయితే పేరు చెప్పిన ఫైలే తెస్తుంది. డబ్ల్యూగెట్ అలా కాదు. ఒక్క లింకు చూపిస్తే చాలు, దాని వెనకున్నవన్నీ వెతికి లాక్కొస్తుంది. అడగనివి కూడా."

"పేర్లు మనకేం తెలుసు? అన్నీ రానీ."

డబ్ల్యూగెట్‌నే నడిపాను. ఫైళ్ళ పేర్లు జరజరా దిగసాగాయి. లెక్కలు, చరిత్ర, పిల్లల కథలు. ఒకటి వినిపించాను. అన్నయ్య గొంతు వినగానే వదిన రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఇంతలో ఫోన్. టెక్నీషియన్.

"ఏమనుకోకండి, అప్పుడే సర్వర్ వైర్లు పీకేశారు. ఎంతవరకు వచ్చాయి?"

తెర వైపు చూశాను. ఇంకా వస్తున్నాయి.

వైఫై ఆపేశాను. అయినా వస్తున్నాయి... తలుపులన్నీ మూసున్న గదిలో పచ్చి మట్టి వాసన గుప్పుమంది. ఆఖరి ఫైలు రికార్డయిన తేదీ చూశాను. ఈ రోజుదే.

"పెట్టు," గుసగుసగా అంది వదిన.

"వద్దు వదినా..."

తనే నొక్కింది.

ముందు వాన చప్పుడు. తర్వాత అన్నయ్య, పాఠం చదివినట్టే తాపీగా...

"తమ్ముడు వద్దన్నాడు. ఆమె వినలేదు."

వదిన వైపు తిరిగాను.

"ఆమె లేచింది."

వదిన లేచింది.

"తలుపు దగ్గరికి నడిచింది."

నడుస్తోంది. కళ్ళు ఆర్పడం లేదు. ఒక్క ఉదుటున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ.

"గడియ తీసింది. తలుపు తెరిచి..."

తలుపుకి అవతల ఎవరో ఆనుకుని ఊపిరి పీలుస్తున్నారు.

వదినను వెనక్కి లాగి, ల్యాప్‌టాప్ ఎత్తి నేలకేసి కొట్టాను. గొంతు ఆగింది. ఊపిరీ ఆగింది. వాన ఒక్కటే మిగిలింది.

వదిన కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "పోయిందా? ఆయన గొంతు పోయినట్టేనా?"

"పోతే పోనీ వదినా. మీరున్నారు, అది చాలు," అంటూ తల నిమిరాను.

ఏడుపు సద్దుమణిగింది. మెల్లగా తలెత్తింది. పెదవులు కదిలాయి.

"...లోపలికి రమ్మంది," అంది.

ఆ గొంతు వదినది కాదు.

అన్నయ్యదీ కాదు.