రేణిగుంటలో నున్నటి తలలు

“ప్రతాప్, నీ జుట్టు దేశానికి కావల్ల,” అన్నాడు చీఫ్ సుబ్రమణ్యం.

ఏజెంట్ ప్రతాప్ పాపిడి తడుముకున్నాడు. తుపాకీ గుండుకు ఎదురు నిలిచిన మనిషి, మంగలి చేసే గుండుకు జంకాడు.

“కేసేంటి సార్?”

“తిరుపతి ఆసుపత్రిలో డాక్టర్ల నోట్సు కంప్యూటరే చదివి, పరిశోధనకు పనికొచ్చే రోగులను గుంపులుగా ఏరిపెడతా ఉండాది. ఆ నోట్సును విదేశీ ముఠావాడు విక్టర్ కొట్టేసినాడు. ఎక్కడా పర్మిషన్ దొరకని ఇంజెక్షన్‌ను మన క్యాన్సర్ రోగులకు గుచ్చి చూస్తాడంట.”

“రోగులెవరో తెలిసిపోయిందా?”

“జబ్బుల పేర్లు మనోళ్లు కోడ్‌లో రాసినారు. అందుకే వాడి ప్రోగ్రామర్ లక్షణంతో వెతుకుతా ఉండాది. తలమీద జుట్టు లేనోళ్లంతా రావల్లని. నీ పేరుతోనూ ఒక కేసు షీటు దూర్చినాం.”

“ప్రోగ్రామర్ ఎవరు?”

“లోకేశ్వరి. మన దగ్గరా జీతం తీసుకుంటాది, వాడి దగ్గరా తీసుకుంటాది. ఎవరి మనిషో నువ్వే తేల్చల్ల.”

మర్నాడు రేణిగుంట గోడౌన్‌లో విక్టర్ పెట్టిన ‘ఉచిత వైద్య శిబిరం’. లోపల నలభై నున్నటి తలలు. అందులో ఒకటి ప్రతాప్‌ది. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో లోకేశ్వరి ప్రతాప్ దగ్గర ఆగింది.

“తలనీలాలు యాడిచ్చినారు?”

“కొండమీదనే.” చీఫ్ చెప్పి పంపిన సంకేతం కుదిరింది. మనిషి మాత్రం ఇంకా అంతుపట్టలేదు.

తలుపులు మూసుకున్నాయి. విక్టర్ ఒక చేత్తో సిరంజి, ఒక చేత్తో పిస్తోలు తీసి, ముందు వరుసలోని వరదమ్మ వైపు నడిచాడు. నగరిలో మగ్గం నేసే మనిషి. నిజంగా కీమో చేయించుకుంటున్నది ఆమె ఒక్కతే.

“ఇది మా డాక్టరమ్మ చెప్పిన సూదేనా?” అని అడిగింది వరదమ్మ.

“కాదు,” అంది లోకేశ్వరి.

పిస్తోలు లోకేశ్వరి వైపు తిరిగింది. వరదమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

“పరిశోధనకు ఒప్పుకుని వేలిముద్ర ఏసింది నేను. మా డాక్టరమ్మకు ఏసినాను, వీడికి కాదు. సంపినా ఇయ్యను.”

విక్టర్ ఆ చెయ్యి గుంజాడు. ప్రతాప్ కాలు పిస్తోలును ఎగరగొట్టింది. అదే క్షణంలో లోకేశ్వరి కేకేసింది: “ఈడ జబ్బు మనుషులెవరప్పా?”

“మాకేం జబ్బు?” అంటూ లేచాడు లారీ లోడింగ్ పనిచేసే చెంగల్రాయుడు. “మొక్కు తీర్చుకుని కొండ దిగినప్పుడు కాలు బెణికింది. ఆసుపత్రి డాక్టరు నోట్సులో కాలుతో పాటు గుండు కూడా రాసుకున్నాడు.”

అతని వెనక గుండ్లన్నీ గుండురాళ్లలా లేచి విక్టర్ మీద పడ్డాయి. సూది మొన వరదమ్మ చేతికి వెంట్రుకవాసిలో ఆగింది. అంతమందికీ కలిపి మిగిలిన వెంట్రుక అదొక్కటే.

“జుట్టు లేనోళ్లను ఏరమనే ఆ రూల్ కావాలనే పెట్టినారా?” ప్రతాప్ అడిగాడు.

“తిరుపతిలో పుట్టి, గుండును చూసి రోగమనుకుంటానా?” అంది లోకేశ్వరి.

వరదమ్మ ప్రతాప్ తల నిమిరింది. “నాది మందులకు పోయింది. నీదెట్ల పోయింది నాయనా?”

“డ్యూటీలో పోయింది, అక్కా.”