అది కాదు, తను

"పొగ ఎక్కడుంది సర్?" అని అడిగింది కౌంటర్ వెనక ఉన్న అమ్మాయి.

"నిన్న వచ్చిందండీ. ఈ కళ్ళతోనే చూశాను."

"దుమ్ము అయ్యుంటుంది. ఎప్పుడైనా తుడిచారా?"

అతను గబగబా చొక్కా అంచుతో కీబోర్డు తుడిచాడు. సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద అతని గేమింగ్ ల్యాప్‌టాప్ ఎర్రలైట్లు వెలిగించుకుని, మొదటి బెంచీలో కూర్చున్న పిల్లాడిలా వినయంగా పనిచేస్తోంది. పిల్లల పాఠాలకు కదిలే బొమ్మలు చేయడం అతని వృత్తి. బొమ్మలు కదలాలంటే మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు. అది సరిగ్గా పని మధ్యలో, బొమ్మ కాలెత్తి అడుగు వేయబోతుండగా ఆగిపోతోంది.

"ఇంట్లో టక్కున ఆగిపోతుందండీ. ఇక్కడ నటిస్తోంది."

"మా ముందు బుద్ధిగానే ఉంది కదా సర్."

"మీ ముందు ఎవరైనా బుద్ధిగానే ఉంటారండీ."

అన్నాకగానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళెవరో కిసుక్కున నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. జుట్టుముడిలో గుచ్చుకున్న చిన్న స్క్రూడ్రైవర్ లాగి, ల్యాప్‌టాప్ వెనక మూత విప్పి, ఫ్యాన్లోంచి గుప్పెడు దుమ్ము తీసి అతని ముందు పెట్టింది.

"ఇదీ మీ పొగ," అంది.

ఆ రోజు నుంచి ఆ సెంటర్లో అతని పేరు 'పొగ సర్'.

నిజానికి అతను మాటకారి కాదు. ఇంట్లో ఉండేది అతనూ, నాయనమ్మా. పొద్దస్తమానం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తెర ముందు కూర్చునే మనవడితో మాట్లాడాలంటే భుజం తట్టాల్సిందేనని నాయనమ్మ ఊరంతా చెప్పుకునేది. అలాంటివాడు ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, దుమ్ము సంగతి మొదలుపెట్టి స్క్రూడ్రైవర్ దాకా చెప్పుకొచ్చాడు. "అక్కడ ఒకావిడ ఉన్నారు నాయనమ్మా, భలే పనిమంతురాలు," అన్నాడు. నాయనమ్మ వడ్డించడం ఆపి అతని మొహంలోకి చూసింది.

ల్యాప్‌టాప్ మళ్ళీ ఆగిపోయింది. ఈసారి అతను వెళ్తుంటే జోరున వాన. తనకున్న ఒక్క రెయిన్‌కోటూ ల్యాప్‌టాప్ బ్యాగుకి తొడిగి, తను మాత్రం నిలువునా తడిసి సెంటర్లో అడుగుపెట్టాడు. ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయి, జుట్టు కళ్ళ మీదికి కారుతోంది.

ఆ అమ్మాయి ఒకసారి అతన్నీ, ఒకసారి రెయిన్‌కోటు తొడుక్కున్న బ్యాగునీ చూసి, లోపలికి వెళ్ళి స్క్రీన్లు తుడిచే మెత్తటి గుడ్డ కొత్తది తెచ్చిచ్చింది.

"తల తుడుచుకోండి సర్. మీకు వారంటీ లేదు."

ఆ గుడ్డ చిన్న రుమాలంత ఉంది. దానితో అంత తల తుడుచుకుంటూ నిలబడితే ఆమెకి నవ్వాగలేదు. ఆ నవ్వు చూశాక, మదర్‌బోర్డు మార్చాలనీ, కొన్నాళ్ళు పడుతుందనీ ఆమె చెప్పినవేవీ అతనికి సరిగ్గా వినబడలేదు. అన్నింటికీ తలూపి వచ్చేశాడు.

ఇంటికొచ్చాక ఒక్క క్షణం నిలకడ లేదు. ఖాళీ టేబుల్ ముందు కూర్చోవడం, లేవడం.

"అదెలా ఉందిరా?" అంది నాయనమ్మ మెల్లిగా.

"ఇంకా అక్కడే ఉంది నాయనమ్మా. అది పక్కన లేకపోతే ఏమీ తోచట్లేదు."

అతను చెప్పింది ల్యాప్‌టాప్ గురించి. నాయనమ్మ అడిగింది ల్యాప్‌టాప్ గురించి కాదు. ఆడపిల్లకీ, అచేతనమైన వస్తువుకీ కలిపి 'అది' అని ఒకే మాట పెట్టుకున్న భాష మనది. ఆ రాత్రి ఆవిడ హాయిగా నిద్రపోయింది.

మదర్‌బోర్డు మార్చినా రోగం కుదరలేదు. మూడోసారి వెళ్ళేసరికి ఆ అమ్మాయికి పట్టుదల వచ్చింది.

"ఇలా కాదు సర్. ఇంట్లో ఎలా పనిచేసుకుంటారో అలా నా పక్కన కూర్చుని చేసుకోండి. అది ఎలా ఆగుతుందో నేను చూడాలి."

తన బెంచీ పక్కన ఓ స్టూలు వేసింది. ఆమె ఎవరిదో కీబోర్డు విప్పుతుంటే, అతను తన బొమ్మల పని చేసుకుంటూ కూర్చున్నాడు. అన్నాళ్ళూ ఆగితే బాగుండునని తిట్టుకున్న వానని ఇంకాసేపు పడమని ప్రాధేయపడ్డాడు. వాన పడితే కస్టమర్లు తక్కువ వస్తారు.

"ఎవరా కాకి?" అంది ఆమె తెరలోకి తొంగిచూస్తూ.

"ఒకటో తరగతి లెక్కల పాఠంలో కాకి అండీ. దీనికి మూడు తర్వాత ఎప్పుడూ ఐదే గుర్తొస్తుంది. నాలుగుని వెతుక్కుంటూ తిరుగుతుంది."

"దొరుకుతుందా?"

"చివర్లో. అప్పటిదాకా దాని రెక్కకిందే ఉంటుంది."

ఆమె చేతిలో పని ఆపి, కాకి రెక్కలు విదిల్చుకోవడం చూస్తూ ఉండిపోయింది. ఆమె చూస్తున్నది కాకిని. అతను చూస్తున్నది ఆమెని. ల్యాప్‌టాప్‌ని ఇద్దరూ మర్చిపోయారు. అందుకు అలిగిందో ఏమో, ఫ్యాన్ ఒక్కసారి గట్టిగా అరిచి, తెర నల్లబడి, అది ఆగిపోయింది.

"చూశారా! చూశారా!" అతను ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"చూశాను సర్," అంది ఆమె. ఆమె కళ్ళలోనూ గెలిచిన మెరుపుంది. "ఒకే కంప్లయింట్ మూడోసారి. ఇక రిపేర్ లేదు. కంపెనీకి రాస్తాను, మార్చి కొత్తది ఇస్తారు. మీ మోడల్ ఇప్పుడు రావట్లేదు కాబట్టి, దాని పైది వస్తుంది."

అతని సంబరం అక్కడే చల్లారింది. కొత్తది వస్తుంది, బాగా పనిచేస్తుంది. బాగా పనిచేసే ల్యాప్‌టాప్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి ఎందుకొస్తాడు?

"అయితే... ఇక నేను రావక్కర్లేదన్నమాట."

"కొత్తది ఇచ్చాక కేస్ క్లోజ్ సర్," అంది ఆమె. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం అతని వైపు చూడలేదు.

తర్వాత ల్యాప్‌టాప్ విప్పి ఒక ర్యామ్ ముక్క ఊడదీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది మీరు విడిగా కొని వేయించుకున్నది. కంపెనీ పెట్టింది కంపెనీకి వెళ్తుంది, మీరు పెట్టింది మీతో వస్తుంది."

"కొత్తదాన్లో వేద్దామా?"

"పట్టదు సర్. దానికి వేరే రకం కావాలి. నా పాత ల్యాప్‌టాప్‌కైతే సరిపోతుంది గానీ," అని నాలిక కరుచుకుంది.

"మరి మీరే ఉంచుకోండి."

"కస్టమర్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు."

"కేస్ క్లోజయ్యాక కస్టమర్‌ని కాను కదండీ?"

"మరి ఏమవుతారు?"

అడిగింది సూటిగానే. అతనికి జవాబు తెలుసు. గుండెల్లోంచి గొంతుదాకా వచ్చింది కూడా. సరిగ్గా అప్పుడే ఎవరో ప్రింటర్ ఎత్తుకుని లోపలికొచ్చారు. అతను ర్యామ్ ముక్క జేబులో వేసుకుని, తనని తనే తిట్టుకుంటూ ఇంటికి నడిచాడు.

కొత్త ల్యాప్‌టాప్ వచ్చిందని సెంటర్ నుంచి మెసేజ్ వచ్చిన సాయంత్రం, మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు.

"లేదు బావా, దాన్ని ఇంక ఇంటికి తీసుకురాను," అన్నాడు అతను వరండాలో పచార్లు చేస్తూ. "ఎంతకని భరిస్తాను? కాస్త పని చెబితే చాలు, వేడెక్కిపోయి మొహం మాడ్చుకుంటుంది. పాతదాన్ని వాళ్ళకే వదిలేసి రేపు కొత్తదాన్ని తెచ్చుకుంటున్నా... ఆఁ, దీనికంటే సన్నగా, చూడ్డానికి బాగుంటుందట... బాధేముంది బావా, నాలుగు రోజులుంటే అదే అలవాటవుతుంది."

కిటికీకి ఇవతల బట్టలు మడతపెడుతున్న నాయనమ్మ చేతిలో చొక్కా జారిపోయింది.

మర్నాడు అతను స్నానం చేసి వచ్చేసరికి నాయనమ్మ ఇంట్లో లేదు. ల్యాప్‌టాప్ బ్యాగుకి కట్టిన సర్వీస్ సెంటర్ చీటీ కూడా లేదు. పక్కింటికి వెళ్ళి ఉంటుందిలే అనుకుని, సన్నగా పడుతున్న వానలో సెంటర్‌కి బయల్దేరాడు. దారంతా ఒక్కటే ఆలోచన. ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి దారి ఉండదు.

తలుపు తోసి అలాగే నిలబడిపోయాడు. బెంచీ పక్కన, తను కూర్చున్న స్టూలు మీద నాయనమ్మ కూర్చుని టీ తాగుతోంది. ఆవిడ రెండో చెయ్యి ఆ అమ్మాయి చేతిలో ఉంది.

"వచ్చాడమ్మా ఘనుడు!" అంది నాయనమ్మ. "ఏరా, బంగారంలాంటి పిల్లని వదిలేసి కొత్తదాన్ని తెస్తావా? నేను బతికుండగా అది మన గడప తొక్కదు!"

"నాయనమ్మా! ఏం మాట్లాడుతున్నావు?"

"వరండాలో నువ్వు మాట్లాడిందే. సన్నగా ఉంటుందట, నాలుగు రోజులుంటే అలవాటవుతుందట! సిగ్గులేదూ?"

ఆ అమ్మాయి మొహం చాలా గంభీరంగా పెట్టింది. బుగ్గలు మాత్రం మాట వినట్లేదు. "అవును సర్. నేను ఊరికే వేడెక్కిపోతానట. మొహం మాడ్చుకుంటానట."

"అయ్యో, అది ల్యాప్‌టాప్ గురించి నాయనమ్మా! ఆ మిషన్ గురించి! దాన్నే మార్చేది!"

నాయనమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. "మిషన్నా?"

"మిషనే."

"అది పక్కన లేకపోతే తోచట్లేదన్నదీ?"

"మిషనే!"

నాయనమ్మ అతన్నీ ఆ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ గొంతు చిన్నబోయింది. "అయితే నేనే పిచ్చిదాన్నయ్యాను. ఇంట్లో నోరు విప్పనివాడు ఇక్కడికొచ్చిన ప్రతిసారీ ఇంటికొచ్చి కబుర్లు చెబుతుంటే, ఇదేదో ఆశపడదగ్గ సంగతే అనుకున్నాను. మరి ఈ పిల్ల నీకేమీ కాదా?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఆమె కూడా జవాబు కోసం చూస్తోంది. ఎప్పుడూ లేనిది ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ ఊరికే తిరుగుతోంది.

ఇక్కడ కూడా నోరు పెగలకపోతే తనకిక ఎప్పటికీ పెగలదని అతనికి తెలిసిపోయింది.

"అవుతుంది నాయనమ్మా," అన్నాడు. "మిషన్ లేకపోతే పని ఆగిపోతుంది, అంతే. తను కనపడకపోతే నాకు రోజు గడవట్లేదు. మిషన్ చెడిపోయినప్పుడల్లా పైకి తిట్టాను గానీ, లోపల సంతోషపడ్డాను. ఇప్పుడు కొత్తది వచ్చిందంటే ఏడుపొస్తోంది."

ఆ అమ్మాయి తల వంచుకుని కొత్త ల్యాప్‌టాప్ పెట్టె ముందుకు జరిపి, సీలు కోసి, మూత తెరిచింది. నాయనమ్మ ఎదురుగా గోడమీదున్న కీబోర్డులను తెగ ఆసక్తిగా పరిశీలించడం మొదలుపెట్టింది.

"దీనికి ర్యామ్ పెంచాలి," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే. "ఫైళ్ళు దాచుకునేందుకు ఇంకో ఎస్సెస్‌డీ పట్టే చోటుంది. వేసవి వచ్చేలోపు కింద పెట్టే కూలింగ్ ప్యాడ్ ఒకటి చూడాలి. మీ కాకి చాలా ఎగరాలి కదా."

"అన్నీ ఇవాళే చేసేస్తారా?" అన్నాడు అతను దిగులుగా.

"చేస్తే గంట పని." ఆమె అప్పుడు తల ఎత్తింది. "కానీ చేయను. ఈ నెల ర్యామ్. ఎస్సెస్‌డీ ఆ తర్వాతెప్పుడో. కూలింగ్ ప్యాడ్ ఇద్దరం కలిసి తిరిగి తిరిగి కొందాం. ఎంత మెల్లిగా వీలైతే అంత మెల్లిగా."

అతను జేబులోంచి ర్యామ్ ముక్క తీసి బెంచీ మీద పెట్టాడు. ఆరోజు నుంచీ అది అక్కడే ఉంది, చొక్కా మారినప్పుడల్లా జేబు మారుతూ. ఆమె దాన్ని తీసుకుని తన బ్యాగులో వేసుకుంది. ఇన్నాళ్ళూ కస్టమర్ల దగ్గర ఏమీ తీసుకోని పిల్ల ఆమె.

అంతలో బెంచీ మీదున్న అతని ఫోన్ మోగింది. తెర మీద 'బావ' అని వెలుగుతోంది. అతను ఇంకా ఈ లోకంలోకి రాలేదు. ఆమే స్పీకర్ నొక్కింది.

"ఏరా బావా, వచ్చిందా? అది ఎలా ఉంది?" అని అరిచాడు అవతలి మనిషి.

ఆమె ఓసారి నాయనమ్మ వైపు, ఓసారి అతని వైపు చూసి ఫోన్ దగ్గరగా వంగింది.

"అది కాదు, తను. బాగానే ఉంది అన్నయ్యా."

అతను పిల్లాడిలా బిక్కమొహం వేశాడు. అందరినీ సర్ అనే అమ్మాయి ఒక్కసారిగా అన్నయ్యా అనేసరికి అతనికి ఏమీ అర్థం కాలేదు.

నాయనమ్మ స్టూలు మీంచి లేచి, అతని తలమీద ఒక్కటి మొట్టి, ఆ చేత్తోనే ఆ అమ్మాయి తల నిమిరింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి.

"మొద్దు వెధవా," అంది. "నీ బావ తనకి అన్నయ్య ఎప్పుడవుతాడురా?"