బర్బోరా చేతిలో పెట్టిన పుస్తకం

బర్బోరా శవాన్ని పొయ్యికి దూరంగా, కిటికీ పక్కన బల్లమీద పడుకోబెట్టారు. ఇల్లంతా కొవ్వొత్తుల వాసన, ఉడికిన బఠాణీల వాసన. కీర్తనలు పాడి పాడి అలిసిన ఊరివాళ్లు గొంతు తడుపుకోవడానికి వసారాలోకి వెళ్లారు.

మా లిథువేనియా పల్లెల్లో పోయినవాళ్ల చేతుల్లో వాళ్ల ప్రార్థన పుస్తకం పెట్టి మరీ పూడుస్తారు. బర్బోరాది ఊళ్లో మిగిలిన ఆఖరి పుస్తకం. మమ్మల్నేలే రష్యా జార్ చక్రవర్తి మా అక్షరాల్లో అచ్చు నిషేధించి ముప్ఫై ఏళ్లయింది. సరిహద్దు దాటించి పుస్తకాలు మోసుకొచ్చే మనిషిని కిందటి నెలే కాల్చేశారు. ముసలామె రాట్నం తిప్పుతూ పిల్లలందరికీ ఈ ఒక్కదాంట్లోనే చదువు చెప్పింది.

కూతురు కోత్రీనా అటూ ఇటూ చూసి, తల్లి వేళ్ల మధ్య నుంచి దాన్ని లాగేసింది. బదులుగా సర్కారు బడిలో ఊరికే పంచిన రష్యా పుస్తకం పెట్టింది. అదే సైజు, అదే నల్ల అట్ట.

"ఏం పనే అది?" పక్కింటి కజిమేరస్ గుసగుసలాడాడు. "ఆ అక్షరాలు మీ అమ్మకు చస్తే రావు."

"చచ్చాకేగా ఇచ్చింది మామయ్యా." నవ్వబోయి ఏడ్చేసింది. "ఇదీ మట్టిలో పెడితే నా పిల్ల దేంట్లో నేర్చుకుంటుంది?"

ఆయన వెళ్లి శవపేటిక తెచ్చాడు. మూత బిగించారు.

పూడ్చిన మూడో రోజు మధ్యాహ్నం మంచు కురుస్తోంది. కోత్రీనా రాట్నం ముందు కూర్చుంది. పక్కన పీట మీద ఏడేళ్ల కూతురు దొమిసె కూడబలుక్కుంటూ చదువుతోంది. పొయ్యి వెనక నుంచి తడి బంకమట్టి వాసన వచ్చింది. తర్వాత ఒక గొంతు... ఒక్కో అక్షరమే... తడబడుతూ... మళ్లీ మొదటికొస్తూ...

మాటలు రష్యావి. గొంతు బర్బోరాది.

"అమ్మమ్మకు పాఠం రావట్లేదమ్మా," అంది పిల్ల.

"నువ్వు చదువు. గట్టిగా."

పిల్ల గొంతు పెంచింది. పొయ్యి వెనక గొంతూ పెరిగింది. కోత్రీనా పొయ్యి వెనక్కి వెళ్లి చూసింది. గోడ తప్ప ఏమీ లేదు.

రోజూ అదే. ఆ గొంతుకు తడబాటు తగ్గుతోంది. దొమిసెకు పెరుగుతోంది. నిన్న చదివిన పేజీ ఇవాళ రాదు. సమాధి తవ్వి పుస్తకం మార్చేద్దామని కోత్రీనా కజిమేరస్ కాళ్లావేళ్లా పడింది.

"తవ్వితే పోలీసులొస్తారు తల్లీ. వస్తే ఇల్లంతా వెతుకుతారు. ఉన్న ఒక్కటీ పోతుంది."

తొమ్మిదో రోజు పొయ్యి వెనక చప్పుడు లేదు. కోత్రీనాకు ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య. చదువమ్మా."

దొమిసె వరుస కింద వేలు పెట్టింది. ఎక్కడా ఆగలేదు. గడగడా చదివేసింది. పేజీలో ఉన్నవి మా అక్షరాలే. నోట్లోంచి వస్తున్నది రష్యా భాష... ముసలి గొంతుతో.

పిల్ల వేలిగోట్లో తడి బంకమట్టి.

కోత్రీనా పుస్తకం లాక్కుని గుండెకు అదుముకుంది. తల్లిని క్షమించమని అడగాలి. అమ్మా అని పిలవాలి. పెదవులు కదిలాయి... పుట్టినప్పటి నుంచి పిలిచిన ఆ ఒక్క మాట ఎంత వెతికినా నోటికి రాలేదు.

రాట్నం దానంతటదే తిరగడం మొదలుపెట్టింది... బర్బోరా పాఠం చెప్పేటప్పుడు తిరిగినట్టే.