ఓబులమ్మ తలపాగా

పూర్వం మణిసీమ రాజ్యానికి ఉన్నది ఒక్కటే ఏరు. ఒక వేసవి ఉదయాన ఆ ఏరు రాయిగా మారిపోయింది. నీళ్ళకు వెళ్ళినవాళ్ళ కడవలు పగిలాయి. పడవలు ఎక్కడివక్కడే బిగుసుకుపోయాయి.

కిందటి ఏడూ ఇలాగే జరిగింది. అప్పుడు పడవ నడిపే నరసాంబ అడవి దాటి వెళ్ళి, శిలాసురుణ్ణి ఓడించి ఏటిని విడిపించింది. ఆ పోరులో ఆమె కుడిచెయ్యి పోయింది. గెలిచినవారికి నిండు సభలో తలపాగా చుట్టడం ఆ రాజ్యపు ఆచారం. ఆడవాళ్ళ తలకు చుట్టకూడదన్నదీ ఆచారమే. అందుకని నరసాంబ మొగుడు వీరభద్రయ్యకు తలపాగా చుట్టి సేనాపతిని చేశారు. ఆమెను సభలోకి కూడా రానివ్వలేదు.

ఇప్పుడు రాజు సేనాపతికి కబురు పంపాడు. జ్వరమని జవాబు వచ్చింది. నరసాంబ చెల్లెలు ఓబులమ్మ సభకు వచ్చింది.

"మా బావకు దారి తెలీదు మహారాజా. పోయినేడు ఆయన పొలిమేర కూడా దాటలేదు. నేను పోతాను. గెలిచొస్తే మా అక్కకూ నాకూ తలపాగా చుట్టాలి."

"ముందు పోయి రా పిల్లా! జడ మీద తలపాగా నిలుస్తుందో లేదో తరవాత చూద్దాం," అన్నాడు మంత్రి. సభ నవ్వింది.

"అక్క చెయ్యి పోయినప్పుడూ ఇలాగే నవ్వారా?"

ఓబులమ్మ పడవ గెడ భుజాన వేసుకుని అడవిదారి పట్టింది.

దారికి అడ్డంగా పులి పడుకుని ఉంది. "మగవాళ్ళెవరూ రాలేదా?" అని అడిగింది.

"జ్వరమట."

"అందరికీనా?"

"అందరికీ."

పులి పడీ పడీ నవ్వి పక్కకు తప్పుకుంది.

ఆ పైన ఊబి వచ్చింది. గట్టున ఒక ముని కూర్చుని ఉన్నాడు. "ఆడపిల్లవు, తిరిగి పో తల్లీ," అన్నాడు.

"ఏరు తిరిగొస్తే పోతాను స్వామీ," అని ఓబులమ్మ గెడను ఊబి మీద అడ్డంగా పరిచి, దాని మీద పాకుతూ అవతలికి చేరింది.

శిలాసురుడు కొండగుహలో ఎదురుపడ్డాడు. వాడి ప్రాణం మెడలోని పచ్చరాయిలో ఉందని అక్క చెప్పే పంపింది. ఓబులమ్మ గెడతో ఆ రాయి మీదే కొట్టింది. రాయి బీటలు వారింది. వాడు కూలబడ్డాడు.

"చంపకు తల్లీ! మీ అక్కకిచ్చిన మాట నేను తప్పలేదు. నన్ను గెలిచినవాళ్ళను మీ సభ ఒప్పుకున్నంత కాలం ఏటి జోలికి రానన్నాను. నేను కళ్ళతో చూడని వాణ్ణి తెచ్చి వీడే గెలిచాడన్నారు. ఏడాది ఓపిక పట్టాను, ఇక నా మాటకున్న కట్టు తెగిపోయింది."

ఓబులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట రాక్షసుడి మీద కాదు. "ఆ మాటే మళ్ళీ ఇవ్వు," అంది. "ఇచ్చాను. ఈసారి తప్పితే ఒక్క క్షణం ఆగను," అన్నాడు వాడు.

ఆమె తిరిగివచ్చేసరికి ఏరు పారుతోంది. సభలో వీరభద్రయ్య తలంటుకుని సిద్ధంగా కూర్చున్నాడు. అతని జ్వరం తగ్గిపోయింది.

"ఆచారం కదమ్మా, ఏం చేస్తాం!" అంటూ మంత్రి అతని తలకు పాగా చుట్టబోయాడు. పాగా అంచు తగిలిందో లేదో, బయట కేకలు లేచాయి. ఏరు ఒడ్డు నుంచి మళ్ళీ రాయవుతోంది.

ఓబులమ్మ రాక్షసుడి మాట సభకు చెప్పింది. మంత్రి పాగా వెనక్కి తీసుకున్నాడు. రాజే లేచి వచ్చి, నరసాంబను సభలోకి పిలిపించి, ముందు ఆమెకు, తరవాత ఓబులమ్మకు తలపాగా చుట్టాడు. నీళ్ళు కదిలాయి. నరసాంబను సేనాపతిని చేశాడు. ఓబులమ్మను సభలో కూర్చోమన్నాడు. జనం ఏటిలోకి దూకి కేరింతలు కొట్టారు.

మంత్రి గొంతు తగ్గించి, "మహారాజా, ఈ ఒక్క ఏడాదికే కదా? వచ్చే ఏడు మన ఆచారం..." అన్నాడు.

ఓబులమ్మ అతని పక్క ఆసనంలో కూర్చుంది.

"వచ్చే ఏడు దాకా ఎందుకు మంత్రిగారూ? ఇప్పుడే గట్టిగా చెప్పండి. వింటాను."