పెంటోడ్ అడిగిన అమ్మాయి

“వాళ్ళు రేడియోకి పెంటోడ్ ట్యూబ్ అడుగుతారు. నువ్వు ట్రయోడ్ ఇస్తావు,” అన్నాడు చీఫ్ తన ఏజెంట్‌తో. “పిన్నులు అవే. పైన నంబర్ మార్చాం. హై ఫ్రీక్వెన్సీలో అది సిగ్నల్‌ని పెంచదు, తనే కూత పెడుతుంది. ఆ కూతను పట్టుకుని మన వ్యాన్ వాళ్ళ ట్రాన్స్‌మిటర్‌ని చేరుతుంది. చేరకపోతే మన సైనికుల ఓడ వెళ్ళే దారి సాయంత్రానికల్లా శత్రువుకు తెలిసిపోతుంది.”

వాళ్ళకి సరుకిచ్చే రేడియో షాపు అసలు ఓనర్ లాకప్‌లో ఉన్నాడు. ఏజెంట్ మాసిన చొక్కా వేసుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని అతని స్టూలు మీద కూర్చున్నాడు. ముందు సెంటు వాసన వచ్చింది, వెనకాలే క్లబ్బు గాయని వచ్చింది. విదేశీ ముఠాకు ఆమె కుడిభుజమని ఫైల్లో ఉంది.

“గ్రామఫోన్‌కి జలుబు చేసింది.”

“మందుంది,” అని కోడ్ పూర్తి చేశాడు.

“ట్రయోడ్ మాత్రం వద్దన్నయ్యా. పెంటోడ్‌లో మూడు గ్రిడ్ తీగలుంటే దాంట్లో ఒక్కటే, ప్లేట్ నుంచి దానికి సిగ్నల్ వెనక్కి కారుతుంది. తేడా వచ్చిందంటే మా బాస్ నన్ను బతకనివ్వడు.”

“అసలు సిసలు పెంటోడ్ అమ్మా. మా అమ్మ తోడు!”

ఆమె ట్యూబ్‌ను వెలుతురులో ఓసారి తిప్పి చూసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఆమె వెళ్ళాక అతని మనసు మనసులో లేదు. ఫోన్ తీశాడు. “సార్, అది కూత పెట్టగానే ఆ అమ్మాయిని చంపేస్తారు.”

“ఆమె డబుల్ ఏజెంట్. మన మనిషే.”

“ట్యూబ్ సంగతి చెప్పారా?”

“చెప్తే మొహంలో తెలిసిపోతుంది.”

అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. పరుగెత్తితే సందు మలుపులో ఆమెను అందుకోవచ్చు. కానీ ఓడ గుర్తొచ్చి కాళ్ళు కదల్లేదు. లాండ్రీ బోర్డున్న వ్యాన్ ఎక్కి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఆ కూత వినపడకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాడు కూడా.

వినపడింది. చెవులు చిల్లులు పడేలా వినపడింది. ఏరియల్ ఓ పళ్ళ డాక్టర్ క్లినిక్ వైపు తిరిగింది. తలుపు బద్దలు కొట్టేసరికి కుర్చీ వెనక ట్రాన్స్‌మిటర్ అరుస్తోంది. మెసేజ్ ఒక్క ముక్క కూడా బయటికి పోలేదు. డాక్టర్ పిస్టల్ ఆమె గుండెకు గురిపెట్టి ఉంది. ఏజెంట్ అతని మీదికి దూకాడు. గుండెకు తగలాల్సిన తూటా ఆమె భుజంలో దిగింది.

హాస్పిటల్లో అతను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. “నన్ను క్షమించమ్మా. తెలిసే ఇచ్చాను.”

“నేనూ తెలిసే బిగించాను. గాజు లోపల ఒక్కటే గ్రిడ్ ఉంది, నాకు కళ్ళు లేవా?” నొప్పి ఓర్చుకుంటూ నవ్వింది. “అది సరే అన్నయ్యా, మీ అమ్మగారు కులాసాయేనా?”