నాలుగు మూలలా తోటికోడలు

పొద్దున్నే వంటింట్లో అటుకులు వేయిస్తున్న విభ దగ్గరికి తోటికోడలు చంద్రకళ వచ్చి నిలబడింది. కుడిచేతికి సిమెంటు కట్టు. బోరింగు దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

"మా పిల్ల కంచన్ పెళ్ళికి కోహబర్ గది గోడలకి బొమ్మలు నువ్వే గీయాలి. కొత్త జంట ఉండే గదికి బయటివాళ్ళని పిలిస్తే మిథిల అంతా నవ్వుతుంది," అంది. అడిగినట్టు లేదు, పని పురమాయించినట్టుంది.

"నా తామరలు కాలీఫ్లవర్లు కదక్కా?" అంది విభ, గరిటె ఆపకుండా.

చంద్రకళ మొహం మాడిపోయింది. విభ కాపురానికొచ్చిన కొత్తలో ఆడపడుచు పెళ్ళికి ఆ గది గోడ నిండా వెదుళ్ళు, తామరలు గీసింది. చుట్టాలందరి ముందూ చంద్రకళ ఆ మాటే అని, సున్నం కొట్టించి, తనే మళ్ళీ గీసుకుంది. అప్పటినుంచి విభ కుంచె ముట్టలేదు.

"గీస్తాలే," అంది విభ. కసి తీర్చుకునే దారి అప్పుడే తట్టింది. గదికి నాలుగు మూలలా నైనాజోగిన్ ఉండాలి. ముసుగులోంచి ఒంటికన్నుతో చూస్తూ దిష్టి కాచే మంత్రగత్తె. ఆ నలుగురికీ అక్క ముఖమే పెడితే? పెళ్ళికొచ్చిన ప్రతి ఆడదీ పగలబడి నవ్వాలి!

కానీ చెయ్యేదీ? పెరటి గోడ మీద బొగ్గుతో మొదలుపెడితే గీత వానపాములా మెలికలు తిరిగింది. కంచన్ తొంగిచూసి, "పిన్నీ, ఇది చేపా, చెప్పా?" అంది. విభకి ఏడుపొచ్చింది. అయినా రోజూ గిన్నెలు తోమాక ఆ గోడ ముందే కూర్చుంది. బొద్దు ముక్కు, గడ్డం మీద పుట్టుమచ్చ, ఎప్పుడూ ఎవరి తప్పో వెతికే ఆ కన్ను. చిత్రంగా ఆ ముఖం గీసేటప్పుడే గీత తిన్నగా వచ్చింది. ఆ తర్వాతే తామరలూ వెదుళ్ళూ వచ్చాయి.

పెళ్ళి ముందురోజు విభ తలుపేసుకుని గీసిన గదిలోకి పాటలు పాడుకుంటూ వచ్చిన ఆడవాళ్ళు మూలలు చూసి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వెనకే చంద్రకళ వచ్చింది.

"ఇది నా ముక్కు కాదుటే?"

"నీదే. పుట్టుమచ్చా నీదే. సున్నం తెప్పించనా? నీకు అలవాటేగా!" అంది విభ. "మా అమ్మ నేర్పిన చెయ్యక్కా ఇది. నలుగురిలో ఒక్క మాటతో చంపేశావు. ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసిందా?"

చంద్రకళ మూల దగ్గరికి వెళ్ళి ఆ పుట్టుమచ్చని ఎడంచేత్తో తాకింది.

"సున్నం వద్దు. ఈ గయ్యాళిని చూస్తే ఏ చెడుకన్నూ నా పిల్ల జోలికి రాదు. రేపట్నుంచి ఇది కొత్త జంట గది, తల్లిని నేను రాకూడదుగా. ఇలాగైనా దాని దగ్గరుంటాను."

నవ్వులు ఆగిపోయాయి.

"కసితో గీశానక్కా," అంది పోట్లాటకి సిద్ధపడ్డ విభ.

"తెలుసే. ప్రేమతో గీస్తే ఇంత అచ్చంగా వస్తానా?" చంద్రకళ గొంతు తగ్గించింది. "ఆ రోజు నీ తామరలు నావాటికంటే బాగున్నాయి. అదే నా కడుపుమంట."

ఇన్నేళ్ళూ తను ఎదురుచూసింది అక్క పరువు పోవడం కోసం కాదని, ఈ ఒక్క మాట కోసమేనని విభకి అప్పుడు తెలిసింది. అక్కకి కట్టు లేని వైపు భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.